రోడ్డును లేపినవాళ్లం

వాన పడితే సైట్‌కి వెళ్లకూడదు. మా కంపెనీలో అది భద్రతా నియమం. జారి పడతారని, కారు బురదలో దిగబడుతుందని, ఇన్సూరెన్స్ వాళ్లు ఒప్పుకోరని. నియమం మంచిదే. కానీ మేం చేసే పని ఏమిటంటే, ఒక పెద్ద రోడ్డో వంతెనో కడితే వరద నీళ్లు ఎటు పోతాయో, ఎవరింటి మీదికి వస్తాయో ముందే అంచనా వేసి రాయడం. వరద గురించి రాసేవాళ్లం అందరమూ ఎండ కాసే రోజు చూసుకుని వెళ్లి, ఫొటోలు తీసుకుని, దారిలో బర్గర్లు తిని వచ్చేవాళ్లం. ఇందులో వింత ఏముందో చాలా ఏళ్లు ఎవరికీ తోచలేదు.

నేను నార్త్ కరొలైనాలో, క్యారీలో ఉన్న ఒక కన్సల్టింగ్ కంపెనీలో 2001 నుంచి 2015 దాకా పనిచేశాను. ఇంజినీరును కాను. ప్రాజెక్టు వచ్చే ఊళ్లో జనంతో మీటింగులు పెట్టడం, వాళ్లు చెప్పింది పోగుచేసి నివేదికలోకి చేర్చడం నా పని. ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలు పెద్ద పెద్ద డిగ్రీలతో వస్తున్నారు. వాతావరణ మార్పు అనే మాట వాళ్లకు మొదటి రోజు నుంచే తెలుసు. మాకు అది మధ్యలో వచ్చి చేరింది. అది ఎలా వచ్చిందో, వచ్చి ఏం చేసిందో రాస్తాను. ఉత్సాహంగా రాయలేను. ఆ వయసు దాటిపోయింది.

టేప్ రికార్డర్ బల్ల

పుట్టింది నల్గొండ జిల్లాలో. బడికి పోలేదు. మా ఆయన ఇక్కడి యూనివర్సిటీ ల్యాబులో టెక్నీషియన్‌గా వస్తే ఆయన వెంట వచ్చాను. ముప్పై దాటాక, లైబ్రరీలో సాయంత్రం పూట పెద్దవాళ్లకు చెప్పే క్లాసులో ఇంగ్లిష్ అక్షరాలు నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలు ఆ తర్వాత, గుడిలో ఆదివారం బడికి వచ్చే చిన్నపిల్లల పక్కన కూర్చుని. కంపెనీ వాళ్లు నన్ను మొదట తీసుకున్నది మీటింగుల్లో కుర్చీలు వేయడానికి, కాఫీ పెట్టడానికి.

మీటింగ్ అంటే ఒక స్కూలు క్యాంటీన్. గోడల వెంట మ్యాపులు. వచ్చినవాళ్లకు ఒక కాగితం, ఒక పెన్సిలు ఇచ్చి మీ అభిప్రాయం రాయండి అనేవాళ్లు. కొందరు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, "ఇంటికెళ్లి రాసి పంపిస్తాలెండి" అనేవాళ్లు. ఆ మాట నాకు బాగా తెలుసు. బ్యాంకులో, ఆసుపత్రిలో, పిల్లల స్కూల్లో ఎన్నోసార్లు నేనే అన్నాను. అందుకని ఒక మూల చిన్న బల్ల, రెండు కుర్చీలు, ఒక టేప్ రికార్డర్ పెట్టించమని అడిగాను. రాయక్కర్లేదు, కూర్చుని చెప్పండి చాలు. పెట్టించారు. క్రమంగా అదే నా ఉద్యోగం అయింది. మీకు ఈ పనిలో ఒక్క సలహా ఇవ్వమంటే ఆ బల్ల గురించే చెప్తాను. మాట్లాడటానికి వచ్చినవాళ్ల చేతిలో కాగితం పెడితే సగం మంది వెనక్కి వెళ్లిపోతారు.

కొండ మీద సముద్రం

నేను చేరినప్పుడు మా నివేదికలు ఒకవైపే చూసేవి. రోడ్డు వల్ల వాగుకు ఏమవుతుంది, చేపలకు ఏమవుతుంది, గాలికి ఏమవుతుంది. మారుతున్న వానలు, ఎండలు తిరిగి ఆ రోడ్డును ఏం చేస్తాయన్నది ఎవరూ అడగలేదు. కొన్నేళ్లు గడిచాక అడగడం మొదలైంది. అప్పుడు ప్రతి నివేదిక చివర ఒక కొత్త అధ్యాయం వచ్చి చేరింది. దాన్ని రాసే మనిషి వేరు. రోడ్డు గీసే మనిషి వేరు. ఒకరు రాసింది ఇంకొకరు చదవరు. చదివే తీరిక ఎవరికీ ఇవ్వరు.

ఆ అధ్యాయాన్ని ఒక నివేదిక నుంచి ఇంకో నివేదికకు ఎత్తి పెట్టడం అలవాటైంది. ఒకసారి సముద్ర తీరంలో వంతెన కోసం రాసిన పేజీలు అలాగే పడమటి కొండల్లో వేసే రోడ్డు నివేదికలోకి వచ్చేశాయి. సముద్ర మట్టం పెరిగే అవకాశాన్ని ఈ రోడ్డు డిజైన్‌లో దృష్టిలో పెట్టుకున్నాం అని అందులో ఉంది. ఎంతమంది సంతకాలు పెట్టారో, ఒక్కరూ చూడలేదు. కొండ ఊరి మీటింగ్‌లో రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఒకాయన నా బల్ల దగ్గర కూర్చుని, చాలా మర్యాదగా అడిగాడు.

"సముద్రం మా ఊరు ఎక్కే ముందు ఒక ఫోన్ చేస్తారా అమ్మా? పడవ కొనుక్కోవాలి."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ టేపులో నా నవ్వు కూడా ఉంది. ఆఫీసులో మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆ పేజీలు తీసేసి ఇంకేవో పేజీలు పెట్టారు. అవి కూడా ఎక్కడి నుంచో తెచ్చినవే.

వెంకట్రావు గారు

మా దగ్గర నీటి లెక్కల విభాగానికి వెంకట్రావు గారు పెద్ద. గుంటూరు మనిషి. డెబ్భైలలో చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆఫీసులో అందరూ ఆయన్ని "వెంకట్" అని పిలిచేవాళ్లు. నేను మాత్రం సార్ అనేదాన్ని. చెడ్డ బాసులు నాకు చాలామంది తగిలారు, వాళ్ల గురించి రాయను, వాళ్ల దగ్గర నేర్చుకునేది పెద్దగా ఉండదు. మంచి మనిషి అయి ఉండీ ఏమీ చేయలేకపోయే బాస్ దగ్గరే ఈ పని అసలు రంగు తెలుస్తుంది.

ఒకసారి నేను అడిగాను, "సార్, ఈ క్లైమేట్ చాప్టర్ ఎవరన్న సదువుతరా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చూడమ్మా సరోజా, క్లైమేట్ మారుతోందా అంటే మారుతోంది. నాకు తెలుసు. క్లయింట్‌కి తెలుసు. మీటింగ్‌లో అరిచే వాడికి కూడా లోపల తెలుసు. తెలిసిన దాన్ని డ్రాయింగ్‌లో ఎక్కడ పెట్టాలో మాత్రం ఎవరికీ తెలీదు. రూల్‌లో లేనిది నేను పెడితే, ఎవడు పెట్టమన్నాడయ్యా అని అడుగుతారు. నా దగ్గర జవాబు లేదు."

"ఉన్నది కద సార్. రేపు నీళ్లొస్తయని."

"రేపు అనేది ఇన్‌వాయిస్‌లో రాయడానికి పనికిరాదమ్మా."

ఆయన వెటకారంగా అనలేదు. అలసటతో అన్నారు. అప్పట్లో నాకు కోపం వచ్చింది. ఇప్పుడు రావడం లేదు.

కేక్ కోసిన రోజు

కావ్య అనే అమ్మాయి వెంకట్రావు గారి కింద ఇంజినీరుగా చేరింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు మాట్లాడుతుంది గానీ మాటల చివరలు మింగేస్తుంది. నన్ను ఆంటీ అనేది, అది సరే. వెంకట్రావు గారిని కూడా అలవాటుగా అంకుల్ అనేసేది. "క్లయింట్ ముందు అంకుల్ అన్నావంటే నా కొంప మునుగుతుందే తల్లీ," అని ఆయన బతిమాలుకునేవారు.

అప్పుడు మా చేతిలో ఉన్నది తూర్పు వైపు ఒక చిన్న ఊరి బైపాస్. పాత రోడ్డు పల్లంలో ఉంది. గట్టి వాన పడితే మునిగి, అంబులెన్స్ కూడా తిరగదు. దాని పక్కనే మట్టి కట్ట పోసి, దాని మీద నాలుగు లేన్ల కొత్త రోడ్డు వేయాలని ప్లాను. కంప్యూటర్‌లో దాని వరద లెక్క కడుతున్న కావ్య ఒక రోజు నా బల్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"ఆంటీ, మోడల్‌లో రెయిన్ డేటా చాలా ఓల్డ్. నేను పుట్టకముందుది. కొత్త రెయిన్ వేసి రన్ చేశాను. రోడ్ మునుగుతుంది!"

"పోయి సార్‌కి చెప్పు."

"అంకుల్ కోపం అవుతారా?"

కోపం రాలేదు. ఆయన ఆ లెక్కలు ఇంటికి పట్టుకెళ్లారు. కొన్ని వారాలు వాటితోనే కూర్చున్నారు. ఆ తర్వాత వచ్చి, "లేపుదాం" అన్నారు. కట్ట ఎత్తు మూడు అడుగులు పెంచాలని క్లయింట్‌కు, అంటే రోడ్డు వేయించే వాళ్లకు, రాశారు. వాళ్లు వెంటనే ఒప్పుకున్నారు. కొత్త రోడ్డు మునిగితే పరువు పోతుంది మరి.

మా కంపెనీలో వాతావరణ మార్పు గురించి రాసిన మాట వల్ల డ్రాయింగ్‌లో ఒక గీత కదలడం అదే మొదటిసారి. ఆఫీసులో కేక్ తెప్పించారు. కావ్య ఏదో సదస్సుకు వెళ్లి దాని మీద మాట్లాడి వచ్చింది. మేం ముగ్గురం నిజంగా సంతోషించాం. ఆ సంతోషం గురించి ఎందుకు రాస్తున్నానంటే, మీరూ అలాంటి కేకే కోస్తారు. కోయండి. కాకపోతే ఆ కట్టకు అటువైపు ఎవరుంటున్నారో అడిగి కోయండి.

మిస్ అర్లీన్

ఆ ఊరి మీటింగ్‌కు మిస్ అర్లీన్ వచ్చింది. నల్లజాతి ముసలావిడ, పొడుగ్గా, నిటారుగా ఉండేది. స్కూలు బస్సు నడిపి రిటైరైంది. భర్త కట్టించిన ఇంట్లో ఒక్కతే ఉంటుంది. ఆ ఇల్లు కొత్త కట్ట రాబోయే చోటుకు వెనక, పాత రైలు పట్టాల పక్క సందులో. నా పేరు ఆవిడ నోట రోజ్ అయింది.

"మిస్ రోజ్, ఈ డబ్బా వింటుందా?"

"వింటుంది. చెప్పండి."

"వాన వస్తే నీళ్లు మా సందులోకి వచ్చి, పాత రోడ్డు మీంచి దాటి, అటు అడవిలోకి పోతాయి. రోడ్డు మునుగుతుంది, నా ఇల్లు బతుకుతుంది. ఇప్పుడు మీరు రోడ్డును లేపుతున్నారు. మంచిదే. మరి నీళ్లు ఎటు పోవాలి?"

పక్కనే ఉన్న కావ్య మ్యాపులో వాగును చూపిస్తూ వంగి చెప్పింది, "మేడమ్, క్రీక్ దగ్గర పెద్ద కల్వర్టులు పెడుతున్నాం."

"క్రీక్ గురించి ఎవరడిగారు హనీ? నేను నా వాకిలి గురించి అడుగుతున్నా." ఆవిడ కావ్య కాళ్ల వైపు చూసింది. "నువ్వు వేసుకున్న బూట్లు బాగున్నాయి. ఒక్క బురద చుక్క లేదు. మీరెప్పుడూ ఎండ రోజునే వస్తారు, కదూ?"

కావ్య ముఖం ఎర్రబడింది. ఆవిడ మళ్లీ టేప్ రికార్డర్ వైపు తిరిగింది. "మా అమ్మాయి షార్లెట్‌లో ఉంటుంది. ఇల్లు అమ్మేసి వచ్చేయమంటోంది. నాకు ఇక్కడే ఉండాలని ఉంది. ఈ ఇంట్లో ఉండొచ్చా, ఉండకూడదా? అది చెప్పండి చాలు. మిగతా మ్యాపులు మీరే ఉంచుకోండి."

తిరిగి వచ్చేటప్పుడు వెంకట్రావు గారు డ్రైవ్ చేస్తున్నారు. వెనక సీట్లో కావ్య ల్యాప్‌టాప్ తెరిచి చాలాసేపు ఏదో చూసి, మెల్లగా అంది.

"అంకుల్, రోడ్ హైట్‌కి మనం కొత్త రెయిన్ వాడాం. ఇళ్ల దగ్గర నీళ్లు ఎంత వస్తాయో, దానికి ఏ రెయిన్ వాడాం?"

"రూల్‌లో ఉన్నది."

"అంటే పాతది."

"పాతదే. పక్కవాళ్ల మీద ప్రభావానికి ఫ్లడ్ మ్యాప్‌లో ఉన్న వానే వాడాలి. అలాగే చేశాం. అంతా కరెక్టే."

కావ్య ల్యాప్‌టాప్ మూసేసింది. రోడ్డుకేమో రేపటి వాన, ఇళ్లకేమో నిన్నటి వాన. ఒకే నివేదికలో, ఒకే చోట. ఎవరూ మోసం చేయలేదు. ఎవరి అధ్యాయం వాళ్లు నియమం ప్రకారం రాసుకున్నారు. మా పనిలో జరిగే తప్పులు దాదాపు అన్నీ ఇలాగే ఉంటాయి. విడివిడిగా చూస్తే ఒక్కటీ తప్పు కాదు.

నేనే అన్నాను, "సార్, రోడ్డైతే లేపినం. మరి ఆమెను ఎవరు లేపాలె?"

"ఆవిడ ఇల్లు ప్రాజెక్ట్ లిమిట్స్ బయట ఉందమ్మా."

"నీళ్లకు ఎరుకనా సార్ ఆ లిమిట్స్?"

ఆయన రెస్ట్ ఏరియాలో కారు ఆపి, కాఫీ కూడా తాగకుండా స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు.

సెలవు పెట్టి వెళ్లిన రోజు

ఆ తర్వాత చాలా వారాలు క్లయింట్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాయి. ఆవిడ అడిగినదాన్ని ఏ అధ్యాయం కిందా పెట్టలేకపోయాను. రోడ్డు వాగుకు చేసే హాని కాదు. వాన రోడ్డుకు చేసే హానీ కాదు. వాన నుంచి రోడ్డును కాపాడబోయి మేం ఆవిడకు చేసే హాని. దానికి మా నివేదికలో గది లేదు. "మీ అభిప్రాయం అందింది" అని ఆవిడకు రాసి ముగించమన్నారు ఆఫీసులో.

ఒక గురువారం సాయంత్రం వెంకట్రావు గారు నా దగ్గరికి వచ్చి, "రేపు తూర్పున గట్టి వాన అంటున్నారు," అన్నారు.

"రూల్ ఒప్పుకోదు కద సార్."

"రేపు నాకు సెలవు. సెలవు రోజు నా కారులో నేను ఎటు పోయినా వాళ్లకేం?"

కావ్యా నేనూ కూడా సెలవు పెట్టాం. దారి పొడుగునా వైపర్లు ఆగలేదు. వెంకట్రావు గారు మా ఆయన పాత రబ్బరు బూట్లు వేసుకున్నారు. సైజు పెద్దవి. నడుస్తుంటే లోపల నీళ్లు గలగలమనేవి. మిస్ అర్లీన్ వరండాలో నుంచుని మమ్మల్ని చూసి, "ఓ, దారి తప్పారా?" అంది.

నీళ్లు వాగు వైపు నుంచి రావడం లేదు. పాత రైలు పట్టాల పక్కన కాలువలా ఒక గుంట ఉంది, ఎప్పటిదో. దాని వెంట వచ్చి, సందు చివర కొత్త కట్ట ఎక్కడ వస్తుందని మేకులు పాతారో సరిగ్గా అక్కడ దాటుతున్నాయి. మా డ్రాయింగ్‌లో అక్కడ తూము లేదు, వట్టి మట్టి. మ్యాపులో ఆ గుంట లేదు. ఉన్నా, ఎండ రోజు చూస్తే గడ్డి తప్ప ఏమీ కనపడదు.

వెంకట్రావు గారు తడుస్తూ చాలాసేపు అక్కడే నుంచున్నారు. "ముప్పై ఏళ్లుగా నీళ్లు లెక్క కడుతున్నా," అన్నారు. "పోతూ ఉండగా చూడటం ఇదే మొదలు."

కావ్య గొడుగు ఆయన మీద పట్టింది. ఆయన పక్కకు జరిగారు. తడవాలనే ఉన్నట్టు.

సగం తూము

ఇక్కడ మీరు గెలుపు కోసం చూస్తుంటే లేదు. సందు చివర పెద్ద బాక్స్ కల్వర్టు పెట్టాలని, రేపటి వానతోనే ఇళ్ల లెక్క కూడా కట్టాలని వెంకట్రావు గారు రాశారు. ఎవరు పెట్టమన్నారని క్లయింట్ అడిగారు, ఆయన ముందే చెప్పినట్టు. ఈసారి ఆయన దగ్గర జవాబు ఉంది. "నేను చూశాను" అని రాశారు. ఇంజినీరు నివేదికలో అలాంటి వాక్యం నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

చివరికి వాళ్లు ఒప్పుకున్నది అడిగినదాంట్లో సగం సైజు. మళ్లీ అడిగితే నివేదిక మొత్తం తిరగరాయాలి, రోడ్డు ఆగిపోతుంది, అంబులెన్స్ తిరగని ఊరు ఇంకొన్నేళ్లు అలాగే ఉంటుంది. అది కూడా అబద్ధం కాదు. వెంకట్రావు గారు సంతకం పెట్టి, ఆ ఏడే రిటైరయ్యారు. వీడ్కోలు పార్టీలో కావ్య అందరి ముందూ "థాంక్యూ అంకుల్" అంది. ఈసారి ఆయన బతిమాలుకోలేదు. కావ్య మాత్రం ఆ సగం సైజును చాలాకాలం మరిచిపోలేకపోయింది. పూర్తిదే కావాలని అంకుల్ ఎందుకు పట్టుబట్టలేదు ఆంటీ, అని నన్నే అడిగేది. పట్టుబడితే ఏదీ రాకపోయేదేమో అనేదాన్ని. నిజంగా నాకు తెలియదు. ఈ పనిలో మీరు చేసింది సరిపోయిందా లేదా అన్నది మీరు వెళ్లిపోయాక పడే వానలో తేలుతుంది. అప్పుడు అక్కడ మీరు ఉండరు.

నేను ఉన్నాను. అదొక్కటే నేను చేసిన పని. 2015లో ఉద్యోగం మానేశాను. ఆ శరదృతువులో రోజుల తరబడి వాన పట్టుకుంది. టీవీలో తూర్పు ఊళ్ల పేర్లు వినబడుతుంటే ఇంట్లో కూర్చోలేకపోయాను. నన్ను ఆపడానికి భద్రతా నియమం కూడా లేదిప్పుడు. వాన కాస్త తెరిపి ఇచ్చినప్పుడు కారు తీసి బయల్దేరాను.

కొత్త రోడ్డు పొడిగా ఉంది. నున్నగా, ఎత్తుగా, దర్జాగా. దాని మీంచి సందులోకి చూస్తే నీళ్లు. తూము నోరు నిండా పారుతోంది, అంగుళం ఖాళీ లేదు. మిస్ అర్లీన్ ఇంటి మెట్లలో పైమెట్టు ఒక్కటే కనిపిస్తోంది. పూర్తి సైజు పెట్టి ఉంటే నాలుగు మెట్లూ కనిపించేవా? అసలు పెట్టకపోతే ఇల్లు మునిగేదా? లెక్కలు వచ్చినవాళ్లు చెప్పాలి. నేను కారు ఎత్తు మీద ఆపి, మోకాళ్ల దాకా వచ్చిన నీళ్లలో పక్కింటివాళ్ల కంచె పట్టుకుని నడిచి వెళ్లాను.

ఆవిడ తలుపు తీసి నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"మిస్ రోజ్. బూట్లకు బురద అయింది."

"అయింది."

"రా, లోపలికి రా. తుడుచుకోనక్కర్లేదు."

లోపలికి అడుగుపెట్టి ఆగిపోయాను. ఇల్లంతా ఎత్తు మీద ఉంది. సోఫా కింద సిమెంటు దిమ్మెలు. ఫ్రిజ్ కింద దిమ్మెలు. మంచం, టీవీ బల్ల, భర్త ఫొటో పెట్టిన అల్మారా, అన్నింటి కిందా రెండేసి వరసల్లో దిమ్మెలు. స్టవ్ మీద ఏదో ఉడుకుతోంది. గరిట తిప్పడానికి ఆవిడ ఒక పీట ఎక్కుతోంది.

"ఇదేంటి?" అన్నాను.

"ఉండొచ్చా, ఉండకూడదా అని అడిగాను గుర్తుందా? మీవాళ్లు జవాబు పంపారు. అభిప్రాయం అందిందట." ఆవిడ నవ్వింది. "మీరు రోడ్డును లేపారు హనీ. మిగతావి నేను లేపుకున్నాను. కూర్చో."

సోఫా ఎక్కడానికి ఆవిడ చేయి పట్టుకోవాల్సి వచ్చింది. ఆవిడ కూడా ఎక్కి నా పక్కన కూర్చుంది. ఇద్దరికీ కాళ్లు నేలకు అందలేదు. అలా గాల్లో కాళ్లు వేలాడేసుకుని, పైమెట్టు కనిపిస్తోందా లేదా అని కిటికీలోంచి చూస్తూ, వాన తగ్గేదాకా కూర్చున్నాం.